‘చరరాశి’ తెలిస్తే ప్రోగ్రామింగ్ సులువే

* సమాన గుర్తు వద్దే తడబడుతున్న కొత్త విద్యార్థులు
* పాల కేంద్రం లెక్కతో తేలిగ్గా గ్రహించే వీలు

ఎక్స్ = ఎక్స్ + 1. కంప్యూటర్ తరగతిలో చేరిన కొద్ది రోజులకే నల్లబల్లపై కనిపించే ఈ వరుస, గణితంలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థిని సైతం కలవరపెడుతుంది. ఏ సంఖ్య అయినా తనకన్నా ఒకటి ఎక్కువైన సంఖ్యకు సమానం ఎలా అవుతుందన్నది అతని సందేహం. అది సహేతుకమైన సందేహమే. సమాధానం దొరకనప్పుడు చాలామంది ఆ వరుసను అలాగే కంఠస్థం చేసి ముందుకు సాగుతారు. పరీక్షలో గట్టెక్కుతారు కానీ, సొంతంగా పది వరుసల ప్రోగ్రాం రాయాల్సి వచ్చినప్పుడు చేతులెత్తేస్తారు. ‘ఇది మనకు వచ్చే విద్య కాదు’ అనే నిర్ణయానికి వచ్చేదీ తరచూ ఇక్కడే. నిజానికి చిక్కు విద్యార్థి తెలివిలో లేదు. ఒకే గుర్తును గణితం ఒక అర్థంలో, ప్రోగ్రామింగ్ మరో అర్థంలో వాడటంలో ఉంది. ఆ తేడాను మొదటి వారంలోనే విడమరచి చెప్పుకుంటే మిగిలిన పాఠం సాఫీగా సాగుతుంది.

బడిలో ఒక అర్థం.. ల్యాబ్‌లో మరో అర్థం

ఆరో తరగతిలోనే విద్యార్థికి బీజగణితం పరిచయమవుతుంది. అక్కడ అక్షరం అంటే తెలియని రాశి. దాని విలువ ఎంతో కనుక్కోవటమే లెక్క. ఈ పద్ధతి మన దేశానికి కొత్త కాదు. 12వ శతాబ్దికి చెందిన భాస్కరాచార్యుడు తన ‘బీజగణితం’లో తెలియని రాశులను యావత్తావత్, కాలకం, నీలకం, పీతకం అంటూ రంగుల పేర్లతోనూ వ్యవహరించాడు. ఐరోపాలో రెండు అడ్డగీతల సమాన గుర్తును 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ గణితవేత్త తొలిసారి తన పుస్తకంలో వాడాడు. అటూ ఇటూ ఉన్నవి సరిసమానం అని చెప్పటమే ఆ గుర్తు పని. అది ఒక వాస్తవ ప్రకటన.

ప్రోగ్రాంలో అదే గుర్తు వాస్తవాన్ని ప్రకటించదు. కంప్యూటర్‌కు ఒక పని అప్పగిస్తుంది. ‘కుడివైపు ఉన్నదాన్ని లెక్కకట్టు, వచ్చిన విలువను ఎడమవైపు పేరున్న గడిలో ఉంచు’ అన్నది దాని అర్థం. విలువను దాచే ఆ గడినే ఇంగ్లిషులో వేరియబుల్ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లోని చరరాశి, చలరాశి అనే మాటలు దీనికీ సరిపోతాయి. కంప్యూటర్ జ్ఞాపకంలో కొంత స్థలం, ఆ స్థలానికి ఒక పేరు, అందులో ప్రస్తుతానికి ఒక విలువ.. ఈ మూడూ కలిస్తే చరరాశి.

ఇప్పుడు తొలి సందేహం విడిపోతుంది. ఎక్స్ గడిలో 7 ఉందనుకుంటే, యంత్రం ముందుగా కుడివైపు చూస్తుంది. 7కు 1 కలిపితే 8. ఆ 8ని తిరిగి ఎక్స్ గడిలోనే ఉంచుతుంది. పాత 7 చెరిగిపోతుంది. ఇది సమీకరణం కాదు, రెండు అంచెల్లో జరిగే పని. అందుకే 1957లో వెలువడిన ఫోర్ట్రాన్, 1970ల ఆరంభంలో వచ్చిన సి, 1991లో తొలిసారి విడుదలైన పైథాన్ సమాన గుర్తునే ఇందుకు వాడుకోగా, ఆల్గాల్, పాస్కల్ భాషల రూపకర్తలు ఈ గందరగోళం లేకుండా దానికి ముందు రెండు చుక్కలు చేర్చారు. సి, పైథాన్ భాషల్లో రెండు విలువలు సమానమా కాదా అని పరీక్షించాలంటే సమాన గుర్తును రెండుసార్లు పక్కపక్కనే రాయాలి.

పాల కేంద్రంలో ప్రోగ్రాం

పల్లెల్లో అందరికీ తెలిసిన పాల సేకరణ కేంద్రం లెక్కను తీసుకుంటే విషయం మరింత తేటపడుతుంది. రైతు పాలు పోస్తాడు. యంత్రం వెన్న శాతం చూస్తుంది. లీటర్లు, వెన్న శాతాన్ని బట్టి ఎంత సొమ్ము రావాలో చీటీపై పడుతుంది. ఆ చీటీ వెనుక ఉన్నవి చరరాశులే. లెక్క సులువుగా ఉండేందుకు ఒక్కో వెన్న శాతానికి లీటరుకు 8 రూపాయలు ఇస్తున్నారనుకుంటే ప్రోగ్రాం ఇలా ఉంటుంది.

లీటర్లు = 5
వెన్న_శాతం = 6
శాతం_ధర = 8
సొమ్ము = లీటర్లు * వెన్న_శాతం * శాతం_ధర

ఇక్కడి నక్షత్రపు గుర్తు గుణకారానికి సంకేతం. చివరి వరుస పూర్తయ్యేసరికి ‘సొమ్ము’ గడిలో 240 చేరుతుంది. ఈ నాలుగు వరుసలూ కేవలం నమూనా కాదు. 2008 డిసెంబరులో విడుదలైన పైథాన్ మూడో తరం నుంచి చరరాశుల పేర్లను తెలుగు లిపిలోనూ రాయవచ్చు. పై వరుసలను యథాతథంగా ఇస్తే యంత్రం స్వీకరిస్తుంది. తెరపై చూపించు, మళ్లీ మళ్లీ చేయి వంటి ఆదేశ పదాలు మాత్రం ఇంగ్లిషు లిపిలోనే ఉండాలి. పేరులో ఖాళీ ఉండరాదు గనుక రెండు మాటల నడుమ కింది గీత వాడాలి. పేరు అంకెతో మొదలు కారాదు.

ఈ పద్ధతిలో ప్రయోజనం ఏమిటన్నది తరువాతి ప్రశ్న. 5 * 6 * 8 అని నేరుగా రాసినా 240 వస్తుంది. అయితే మరుసటి రైతు వచ్చినప్పుడు ఆ వరుసను తిరగరాయాలి. చరరాశులు వాడితే సూత్రం ఒక్కసారి రాస్తే చాలు, విలువలు మాత్రమే మారుతుంటాయి. ధర 8 నుంచి 9 రూపాయలకు పెరిగితే ఒక్కచోట మారిస్తే సరిపోతుంది. ప్రోగ్రాం అంతటా 8 అనే అంకె చెదిరి ఉంటే వాటిలో ఏది ధరో, ఏది మరొకటో పోల్చుకోవటం రాసినవారికే కష్టమవుతుంది.

ఇక్కడే మరో పొరపాటుకు ఆస్కారముంది. సొమ్ము లెక్కకట్టిన తరువాత లీటర్లను 5 నుంచి 6కు మార్చినంత మాత్రాన ‘సొమ్ము’ తనంతట తాను మారదు. అది 240గానే ఉంటుంది. బడిలోని సూత్రం ఎప్పటికీ నిజం. ప్రోగ్రాంలోని వరుస, యంత్రం దానిని చదివిన ఆ క్షణానికే వర్తిస్తుంది. కొత్త సొమ్ము కావాలంటే గుణకారపు వరుసను మళ్లీ నడిపించాలి.

సున్నా ఎక్కడ పెట్టాలి?

కేంద్రంలో ఏ పూటకాపూట చెల్లింపు ఉండదు. కొన్ని రోజుల లెక్క కలిపి బిల్లు ఇస్తారు. మూడు రోజుల్లో ఒక రైతుకు 240, 192, 288 రూపాయలు రావాల్సి ఉందనుకుంటే, ముందుగా ‘మొత్తం = 0’ అని రాయాలి. ఆ తరువాత ప్రతిరోజూ ‘మొత్తం = మొత్తం + సొమ్ము’ అనే వరుస నడవాలి. ‘మొత్తం’ గడిలో వరుసగా 240, 432, 720 చేరుతాయి. ఎక్స్ = ఎక్స్ + 1 అనే వింత వరుసకు అసలు ఉపయోగం ఇదే. బ్యాంకు ఖాతా నిల్వ, క్రికెట్ స్కోరు, ఓట్ల లెక్కింపు.. అన్నీ ఇదే కుదురుపై నడుస్తాయి.

కొత్తవారు చేసే అతి సాధారణమైన తప్పు ‘మొత్తం = 0’ అనే వరుసను ప్రతిరోజూ తిరిగి నడిచే భాగంలో పెట్టటం. అప్పుడు ఏ రోజుకారోజు గడి ఖాళీ అవుతుంది. మూడు రోజుల తరువాత చూస్తే 720కి బదులు చివరి రోజుది 288 మాత్రమే మిగులుతుంది. యంత్రం ఎలాంటి తప్పునూ ఎత్తిచూపదు. రాసిన పనిని రాసినట్లే చేసింది గనుక దాని దృష్టిలో లోపం లేదు. నష్టపోయేది మాత్రం పాలు పోసిన రైతు. ఒక్క వరుస స్థానం మారటం వల్ల 432 రూపాయలు గల్లంతవుతాయి.

ఆ వరుసను అసలు రాయకపోతే ఏమవుతుందన్నది భాషను బట్టి ఉంటుంది. పైథాన్ అయితే ‘మొత్తం’ అనే పేరు తనకు తెలియదంటూ ఆగిపోతుంది. సి భాషలో ప్రమేయం లోపల ప్రకటించిన గడిలో అంతకుముందు మరే పనికో వాడిన విలువ మిగిలి ఉండవచ్చు. లెక్క ఆ చెత్త విలువతోనే మొదలవుతుంది. అందుకే గడికి పేరు పెట్టిన వెంటనే తొలి విలువ ఇవ్వటం మంచి అలవాటు.

6, 5 కలిపితే 65!

విలువల్లో రకాలుంటాయి. లీటర్లు, రూపాయలు సంఖ్యలు. రైతు పేరు, గ్రామం అక్షరాల వరుసలు. యంత్రానికి 6 అనే సంఖ్య వేరు, ‘6’ అనే అక్షరం వేరు. ప్రస్తుత పైథాన్‌లో మీటల ద్వారా అందించినది ఏదైనా మొదట అక్షరాల వరుసగానే చేరుతుంది. ఉదయం 6 లీటర్లు, సాయంత్రం 5 లీటర్లు అని నమోదు చేసి రెండింటినీ కలపమంటే, యంత్రం ఆ అక్షరాలను పక్కపక్కన చేర్చి 65 అని చూపుతుంది. రావాల్సింది 11. వాటిని సంఖ్యలుగా మార్చమని ముందే చెప్పాలి. పూర్ణాంకాలకు ‘ఇంట్’, దశాంశ సంఖ్యలకు ‘ఫ్లోట్’ అనే ప్రమేయాలు ఆ పని చేస్తాయి.

దశాంశాల విషయంలో మరో మెలిక ఉంది. కంప్యూటర్ సంఖ్యలను రెండు అంకెల పద్ధతిలో దాస్తుంది. మూడింట ఒక వంతును మనం దశాంశాల్లో పూర్తిగా రాయలేనట్లే, పదింట ఒక వంతును యంత్రం తన పద్ధతిలో పూర్తిగా రాయలేదు. అందువల్ల పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వస్తుంది. ఒక్క లెక్కలో ఇది లెక్కలోకి రాదు. వేలాది ఖాతాల్లో రోజూ సొమ్ము కూడే చోట పైసల తేడాలు పేరుకుపోతాయి. రూపాయలకు బదులు పైసల్లో, పూర్ణాంకంగా విలువను దాచటం దీనికి ఒక విరుగుడు. 48 రూపాయల 50 పైసలను 4850గా ఉంచి, చీటీపై ముద్రించేటప్పుడు రూపాయల్లోకి మార్చుకోవచ్చు.

గడి చిన్నదైతే రాకెట్టే కూలింది

సి వంటి భాషల్లో ప్రతి గడికీ కొలత ఉంటుంది. మన ప్రాంతంలోని చాలా కళాశాలల ల్యాబ్‌లలో ఏళ్ల తరబడి వాడిన టర్బో సి లో సాధారణ పూర్ణాంకపు గడి 16 బిట్లది. అందులో -32,768 నుంచి 32,767 వరకే పడుతుంది. 200ను 200తో గుణించి అందులో ఉంచితే 40,000కు బదులు -25,536 కనిపిస్తుంది. గడియారంలో 12 దాటితే మళ్లీ ఒకటికి వచ్చినట్లు, గరిష్ఠం దాటిన సంఖ్య తిరిగి రుణ సంఖ్యల వైపు నుంచి మొదలవుతుంది. నేటి కంప్యూటర్లలో ఈ గడి సాధారణంగా 32 బిట్లది. దాని గరిష్ఠం 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. పైథాన్‌లోని పూర్ణాంకాలకు ఇలాంటి కట్టుబాటు లేదు, జ్ఞాపకం ఉన్నంత మేర గడి పెరుగుతుంది.

కొలత మరచిపోతే ఎంత నష్టమో 1996 జూన్ 4న ప్రపంచం చూసింది. ఐరోపా దేశాలు నిర్మించిన ఏరియాన్-5 రాకెట్ తొలి ప్రయోగం ఫ్రెంచ్ గయానాలోని కౌరు నుంచి జరిగింది. రాకెట్ అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల గడి నుంచి 16 బిట్ల గడిలోకి మార్చేలా ప్రోగ్రాం రాసి ఉంది. అది అంతకుముందటి ఏరియాన్-4 కోసం రాసినది. కొత్త రాకెట్ వేగం ఎక్కువ కావటంతో విలువ ఆ చిన్న గడిలో పట్టలేదు. దిశను చెప్పాల్సిన వ్యవస్థ ఆగిపోయింది. పైకి లేచిన సుమారు 40 సెకన్లకే రాకెట్ గతి తప్పి పేలిపోయింది.

ఇదే కోవలో మరో గడువు ముందుంది. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 32 బిట్ల గడిలో లెక్కపెట్టే పాత వ్యవస్థల్లో, 2038 జనవరి 19న భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ గడి నిండిపోతుంది. 64 బిట్ల గడికి మారటమే పరిష్కారం.

పేరులోనే ప్రమాణం

ఏ, బి, సి అంటూ పేర్లు పెట్టటం తరగతి గదిలో అలవాటు. యంత్రానికి ఏ పేరైనా ఒకటే. చదివేది మనుషులు గనుక పేరు అర్థవంతంగా ఉండాలి. ‘ధర’ అంటే లీటరు ధరా, వెన్న శాతం ధరా అన్న అనుమానం రాకుండా ‘శాతం_ధర’ అన్నది మేలు. రూపాయలా, పైసలా అన్నదీ పేరులోనే తెలిపితే ఇంకా భద్రం. గడిలో ఉండేది సంఖ్య మాత్రమే, దాని ప్రమాణం యంత్రానికి తెలియదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1998లో పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌకకు ఈ విషయంలోనే ముప్పు వాటిల్లింది. భూమిపై ఉన్న ఒక ప్రోగ్రాం తోపుడు విలువలను పౌండ్ల పద్ధతిలో ఇవ్వగా, వాటిని తీసుకున్న మరో ప్రోగ్రాం న్యూటన్ల పద్ధతిగా భావించింది. సంఖ్యలు సరిగానే చేరినా ప్రమాణం తప్పింది. 1999 సెప్టెంబరు 23న నౌక అంగారకుడి వద్దకు చేరి నాశనమైంది.

ఇంగ్లిషు లిపిలో పేర్లు పెట్టేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. సి, పైథాన్ భాషలు పెద్ద అక్షరాన్ని, చిన్న అక్షరాన్ని వేర్వేరుగా చూస్తాయి. ఒకచోట పెద్ద అక్షరంతో, మరోచోట చిన్న అక్షరంతో రాస్తే అవి రెండు గడులవుతాయి.

మూడో గ్లాసు అవసరం

గడులలోని విలువలను ఇచ్చిపుచ్చుకోవటం ల్యాబ్ పరీక్షల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న. ఉదయం పోసిన 6 లీటర్లు పొరపాటున సాయంత్రం గడిలో, సాయంత్రానివి 5 లీటర్లు ఉదయం గడిలో పడ్డాయనుకుంటే వాటిని సరిచేయాలి. ‘ఉదయం = సాయంత్రం’, ‘సాయంత్రం = ఉదయం’ అని రాస్తే పని జరగదు. మొదటి వరుసతోనే ఉదయం గడిలోని 5 చెరిగిపోయి 6 వస్తుంది. రెండో వరుస ఆ 6నే తిరిగి సాయంత్రం గడిలోకి తెస్తుంది. రెండూ 6 కావటంతో రోజు మొత్తం 11 లీటర్లకు బదులు 12 అవుతుంది.

ఒక గ్లాసులో పాలు, మరో గ్లాసులో మజ్జిగ ఉంటే మూడో ఖాళీ గ్లాసు లేకుండా మార్చలేం. ఇక్కడా అంతే. ‘తాత్కాలికం = ఉదయం’, ‘ఉదయం = సాయంత్రం’, ‘సాయంత్రం = తాత్కాలికం’ అని మూడు వరుసలు రాయాలి. అయితే పోలికకు ఒక హద్దుంది. గ్లాసు వంచితే ఖాళీ అవుతుంది, గడి ఖాళీ కాదు. ఒక గడి విలువను మరో గడికి ఇవ్వటం జిరాక్స్ తీయటం వంటిది, అసలు కాగితం ఎక్కడిదక్కడే ఉంటుంది.

కాగితంపై నడిపి చూడాలి

ఈ పాఠం ఒంటబట్టేందుకు ఖరీదైన కంప్యూటర్ అక్కర్లేదు. తెల్లకాగితం, పెన్సిలు చాలు. ఒక్కో చరరాశికి ఒక్కో నిలువు గడి గీసి, ప్రోగ్రాంలోని వరుసలను యంత్రంలా పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా చదువుతూ, విలువ మారినప్పుడల్లా పాతదాన్ని కొట్టివేసి కొత్తది రాయాలి. రెండు వరుసలను ఒకేసారి చూడకూడదు. తరువాతి వరుసలో ఏముందో ఊహించకూడదు. అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు సైతం తప్పు దొరకనప్పుడు ఆశ్రయించేది ఈ పద్ధతినే.

కొత్తగా నేర్చుకునేవారు గుర్తుంచుకోవాల్సినవి..

* సమాన గుర్తును ‘సమానం’ అని కాక ‘లో ఉంచు’ అని చదువుకోవాలి. ముందు కుడివైపు లెక్క, తరువాత ఎడమవైపు గడి.
* గడిలో ఒకసారికి ఒక్క విలువే. కొత్తది వస్తే పాతది పోతుంది.
* కూడిక మొదలుపెట్టే ముందు సున్నా ఉంచాలి. అది ఒక్కసారే జరగాలి.
* సంఖ్యా, అక్షరాలా అన్నది చూసుకోవాలి. గరిష్ఠంగా ఎంత విలువ రావచ్చో ముందే అంచనా వేయాలి.
* విలువ దేనికి చెందినదో, ఏ ప్రమాణంలో ఉందో పేరు చూస్తే తెలియాలి.

సాధనకు ఒక చిన్న లెక్క. ‘అ = 10’, ‘ఆ = అ’, ‘అ = అ + 5’, ‘ఆ = ఆ + అ’ అనే నాలుగు వరుసలు నడిచిన తరువాత రెండు గడుల్లో ఏముంటాయి? కంప్యూటర్ ముట్టుకోకుండా ‘అ’లో 15, ‘ఆ’లో 25 అని చెప్పగలిగిన విద్యార్థి తొలి మెట్టు ఎక్కినట్లే. వేరే సమాధానం వచ్చినవారు అధైర్యపడాల్సిన పని లేదు. కాగితంపై గడులు గీసి మరోసారి నడిపిస్తే ఏ వరుస వద్ద దారి తప్పారో వారికే కనిపిస్తుంది.